నాన్న జేన

యెరూషలేములో ఆ పెద్ద గోడకు
అందరూ నుదురానించి ఏడుస్తుంటే
మా నాన్న ఆశీర్వాదం
వేలి కణుపుతో రాయిని తట్టి, చెవి పెట్టి విన్నాడు.
"సున్నపురాయే. మెత్తన.
మన చీమకుర్తి రాయయితే గంట కొట్టినట్టు పలికేది."
గైడుకి తెలుగు రాదు. దేవుడి దయ.

నాలుగేళ్ల చీటీ అది.
అమ్మ టంగుటూరు కంపెనీలో పొగాకు గ్రేడింగు చేసిన కూలి,
మా ఆయన అడక్కుండా ఇచ్చిన ముప్పై వేలు,
పాస్టరుగారు మాట్లాడి తగ్గించిన టికెట్టు.
అన్నీ కలిపితే ఎనిమిది పగళ్లు వచ్చాయి.

చెన్నై ఎయిర్‌పోర్టులోనే
నాన్న జేబులోంచి ఇనప టేపు తీసేసుకున్నారు.
అందుకని జేన.
బేత్లెహేము గుడి వాకిలి, ఐదు జేనల పైన బెత్తెడు.
మెట్టు అరుగుదల, రెండు వేళ్లు.
ఎప్పటి యాత్రికుడో గోడ మీద చెక్కుకున్న సిలువ, మూడు వేళ్లు.
"ఈ ఉలి పట్టినోడిది ఎడమచేతి వాటం."
మేం కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నాం అప్పుడు.

గలిలయ సముద్రం అమ్మకి ఆనలేదు.
"ఆ గట్టు కనపడతా ఉంటే సముద్రం అంటారేందే?"
చేప కూడా కొత్తపట్నం చేప ముందు దిగదుడుపేనంటూ
ముల్లు తప్ప ఏమీ మిగల్చలేదు.

యొర్దాను దగ్గర తెల్ల అంగీలు అద్దెకిచ్చారు.
అందరూ మునిగారు. అమ్మ మునగలేదు.
"నాది అయిపోయిందిగా" అన్నది.
కరువు ఏడాది, గుండ్లకమ్మలో చుక్క లేక
పెద్దలు ఇసకలో చెలమ తవ్వి
ఊట నిండిందాకా కీర్తనలు పాడి
ఆమెని అందులో కూచోబెట్టి వెనక్కి వంచారంట.
తల దువ్వితే నాలుగు రోజులు ఇసకే రాలిందంట.
యొర్దానులో కాళ్లు మాత్రం కడుక్కుని
చెప్పులు తొడుక్కుంది.

ఇంక ఆ సమాధి తోట.
కొండ తొలిచిన గది. వాకిలి ముందు నేలలో ఒక గాడి.
నాన్న వంగాడు. జేన పరిచాడు.
"రాయేది?"
పాస్టరుగారు గైడుని అడిగి చెప్పారు:
రాయి లేదంట, గాడే మిగిలిందంట.
"దూత వచ్చి పొర్లించాడు కదా ఆశీర్వాదం."
"ఎంతమంది?"
"ఒక్కడే."
కూలీల లెక్క సరిగా వినపడనట్టు
నాన్న ఇంకోసారి అడిగాడు.
"ఒక్కడేనా అయ్యగారూ?"

ఆయన లోపలికి రాలేదు.
బయట బల్ల మీద కూచుని
కండువా మడత పెడతా, విప్పుతా.

క్వారీలో ఆ రాత్రి పదకొండు మంది, ఏడు పలుగులు.
క్రేను డ్రైవరు ఎవరి పెళ్లికో పోయి
తెల్లారిందాకా రాలేదు.
రాయి కింద సామ్యేలు చిన్నాన్న
మొదట మాట్లాడాడు. తర్వాత దగ్గాడు.
ఇది అమ్మ చెప్పింది నాకు, ఒక్కసారి,
బెండకాయలు తరుగుతా.
నాన్న ఇప్పటికీ చెప్పలేదు.

ఇంటికొచ్చిన ఆదివారం
రూతమ్మ పిన్నికి ఒలీవ నూనె సీసా ఇవ్వడానికి పోయాం.
"ఏం చూశావు బావా అక్కడ?"
నాన్న నులక మంచం మీద చెయ్యి పరిచాడు.
ఒక జేన. దాని పక్కన సగం.
"ఇంత గాడమ్మా. రాయి మాత్రం లేదు."
"లేదా?"
"లేదు."
పిన్ని ఆ మంచం వంక చూస్తా ఉండిపోయింది,
గాడి అక్కడే పడ్డట్టు.
తర్వాత సీసా మూత తీసి వాసన చూసి
"చేపల పులుసులోకి పనికొచ్చుద్దా బావా ఇది?" అన్నది.